పని దొరకని పట్టభద్రుడు దోషియా?

పట్టభద్రుడనగా చదువు ముగించినవాడని లోకము తలచును. నిజమునకు అతనికి మిక్కిలి కఠినమైన పరీక్ష పట్టము చేతికందిన మరునాడే ప్రారంభమగును. ఆ పరీక్షలో ప్రశ్న లడుగువారు గురువులు కారు. ఇరుగుపొరుగువారు, చుట్టములు, పెండ్లిపందిళ్ళలో ఎదురుపడువారు. “ఏం నాయనా, ఎక్కడైనా కుదిరావా?” అను ప్రశ్న మొదటి సంవత్సరము ప్రేమతో వినవచ్చును. రెండవ సంవత్సరము జాలితో వినవచ్చును. మూడవ సంవత్సరమునకు అదే ప్రశ్న ఎత్తిపొడుపుగా మారును. అడుగువారి మాటలు మారవు. గొంతు మాత్రమే మారును.

మన సంఘమున రెండు మాటలు కలవు. “పని చేయనివాడు సోమరి” అనునది మొదటిది. “అంత చదువు చదివి ఈ పని చేయుటయా?” అనునది రెండవది. ఈ రెండు మాటలు రెండు వర్గములవారు పలుకునవి కావు. ఒకే నోట, ఒకే దినమున, ఒకే యువకుని గూర్చి వెలువడునవి. ఈ రెంటి నడుమ నలుగుచున్న యువకుడు నిజముగా దోషియా? దోషి యైనచో ఏ మేరకు? కానిచో దోష మెవరిది? ఈ ప్రశ్నను సావధానముగా విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొట్టమొదట పని చేయకుండుటకును, పని దొరకకుండుటకును గల భేదమును గుర్తింపవలెను. చేయకుండుట శీలమునకు సంబంధించినది. దొరకకుండుట లెక్కకు సంబంధించినది. లెక్కను శీలముగా పొరబడి తీర్పు చెప్పుట అధర్మము. కావున లెక్కను చూతము. 2019వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామ, వార్డు సచివాలయములకై సుమారు 1 లక్షా 26 వేల ఉద్యోగములను ప్రకటించినది. మన రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద నియామకము అరుదు. దానికి 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క ఉద్యోగమునకు పదహారు మందికి పైగా పోటీపడిరన్నమాట. అదే సంవత్సరమున రైల్వే శాఖ సుమారు 35 వేల ఉద్యోగములను ప్రకటింపగా, దేశము నలుమూలలనుండి సుమారు 1 కోటి 25 లక్షల దరఖాస్తులు చేరినవి. 2015లో ఉత్తర ప్రదేశ్ సచివాలయమున 368 ప్యూను ఉద్యోగములకు 23 లక్షల మంది దరఖాస్తు చేసిరి. ఐదవ తరగతి చదువును, సైకిలు తొక్కుటయు మాత్రమే అర్హతగా గల ఆ ఉద్యోగమును కోరినవారిలో డాక్టరేటు పట్టము పొందినవారే 255 మంది ఉండిరి.

ఈ సంఖ్యల నీతి ఏమి? 21 లక్షల మందియు రాత్రింబవళ్ళు నిద్ర మాని చదివినను ఎంపికయగువారి సంఖ్య ఒక్కటియు పెరుగదు. ఒకని శ్రద్ధ వేరొకని స్థానమును తాను పొందుటకు ఉపకరించునే గాని క్రొత్త స్థానమును సృజింపజాలదు. కావున ఎంపిక కానివా డెల్ల అశ్రద్ధ చేసినవా డనుట తర్కమునకు నిలువదు. పది కుర్చీలున్న గదిలోనికి నూరుమందిని పంపి, నిలుచున్న తొంబదిమందిని కూర్చుండుట చేతకానివారని నిందింతుమా?

అయినను మరియొక లెక్క కలదు. అది మనలను వేరు విధముగా ఆలోచింపజేయును. అంతర్జాతీయ కార్మిక సంస్థయు, మానవాభివృద్ధి అధ్యయన సంస్థయు కలసి 2024లో ప్రకటించిన భారత ఉపాధి నివేదిక ప్రకారము, 2022లో మన దేశమున యువ పట్టభద్రులలో నిరుద్యోగము 29.1 శాతము. చదువను వ్రాయను రాని యువకులలో 3.4 శాతము మాత్రమే. చదువు పెరిగినకొలది నిరుద్యోగము పెరుగుచున్నదా యని పాఠకులు విస్మయపడవచ్చును. అక్షరము రానివానికి మంచి ఉద్యోగము సులభముగా దొరకుచున్నదని దీని అర్థము కాదు. అతనికి నిరుద్యోగిగా ఉండుటకు కూడ తాహతు లేదు. సూర్యుడు పొడిచినంతనే అడ్డామీద నిలువవలెను. ఎంత కూలి ఇచ్చిన అంతకు పోవలెను. లేకున్న ఆ రాత్రి పొయ్యి వెలుగదు. పట్టభద్రుడు వేచియుండగలుగుచున్నాడు. వేచియుండుట అతనికి ఎట్లు సాధ్యమగుచున్నది? ఒక తండ్రి ఎకరము భూమి కౌలుకిచ్చి పంపిన సొమ్ము వలన. ఒక తల్లి రాత్రి పొద్దుపోవువరకు కుట్టు మిషను త్రొక్కి కూడబెట్టిన సొమ్ము వలన. ఒక అక్క తన పెండ్లికై దాచుకొన్న సొమ్ము వలన. వేచియుండువాని ప్రతి దినమునకును వేరెవరో కూలి చెల్లించుచున్నారు. పట్టభద్రుని నైతిక సమస్య ఇచ్చట ప్రారంభమగుచున్నది. ఉద్యోగము రాకపోవుట అతని దోషము కాదు. అది వచ్చులోపల అతడు గడపు కాలము మాత్రము అతనిదే; దానికి అతడు బాధ్యుడు.

ఆ కాలము ఎంత దీర్ఘమగుచున్నదో చూడుడు. కృష్ణాజిల్లా అవనిగడ్డకు ఉపాధ్యాయ పరీక్షలకై చదువుకొనువారు ఎక్కడెక్కడినుండియో వత్తురు. నంద్యాలకు బ్యాంకు పరీక్షలకై వత్తురు. హైదరాబాదున అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులలో గ్రూపు పరీక్షల అభ్యర్థులు ఒక్కొక్క గదిలో నలుగు రయిదుగురు సర్దుకొందురు. ఉదయముననే నగర కేంద్ర గ్రంథాలయము వాకిట వరుసగా నిలుతురు. వారి పట్టుదలను చూచిన ఎవరును సోమరులన జాలరు. కాని పరీక్ష వచ్చు కాలము వారి చేతిలో లేదు. ఆంధ్రప్రదేశమున 2018 నాటి డి.ఎస్.సి. తరువాత మరల ఉపాధ్యాయ నియామక పరీక్షలు జరిగినది 2025లో. అప్పుడు ప్రకటింపబడిన స్థానములు 16,347. ఈ నడుమ బి.ఇడి. ముగించిన వాడు ఏడు సంవత్సరములు ఏమి చేయవలెను? తెలంగాణమున గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరులో జరిగినది. ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున 2023 మార్చిలో రద్దయినది. జూన్‌లో మరల జరిగినది. నిబంధనలు సరిగా పాటింపబడలేదని సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో 563 స్థానములతో క్రొత్త ప్రకటన వెలువడినది. నీళ్ళు, నిధులు, నియామకాలు అను నినాదముతో ఏర్పడిన రాష్ట్రమున నియామకమునకై యువకులు ఒకే పరీక్షను ముమ్మారు వ్రాయవలసి వచ్చినది. ఇక 1998 నాటి డి.ఎస్.సి.లో అర్హత పొందియు ఉద్యోగము దొరకనివారికి అవకాశ మిచ్చుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అంగీకరించినది 2022లో. ఇరువది నాలుగేండ్లు గడచినవి. యౌవనమున పరీక్ష వ్రాసినవారికి తల నెరసిన పిమ్మట పిలుపు వచ్చినది. కాలమును దొంగిలించినవానికి శిక్ష విధించు చట్టము ఏ దేశమునను లేదు గదా!

ప్రభుత్వోద్యోగమును విడిచి ప్రైవేటు ఉద్యోగమును వెదకువారి కష్టములు వేరు. “అనుభవ మున్నదా?” అని అడుగుదురు. ఉద్యోగ మియ్యక అనుభవ మెట్లు వచ్చును? ఈతకు దిగనిదే నీరు లోతు తెలియదు; ఈత వచ్చినగాని నీటిలోనికి దింపమందురు. పల్లెటూరి కళాశాలలో చదివిన బాలుడు లెక్కలలో దిట్ట యైనను, ఎదుటివారు ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు వేయగానే గొంతు తడియారిపోవును. అతనికి విషయము తెలియక కాదు. ఆ భాషలో భయపడక మాటాడుట అతనికి ఎవరును నేర్పలేదు. అమీర్‌పేట వీధులలో నాలుగు నెలలలో సాఫ్టువేరు నేర్పుదుమను బోర్డులు చూచి, నాలుగేండ్ల ఇంజనీరింగు చదువున నేర్వని దానిని నాలుగు నెలలలో నేర్వబోవుచున్నాడు. నా వృత్తిలోనే చూతునా, క్రొత్తగా పట్టము పొందిన యువతీ యువకులు ప్రైవేటు పాఠశాలలలో స్వల్ప వేతనమునకు దినమునకు ఆరేడు పీరియడ్లు బోధించుచున్నారు. కొన్నిచోట్ల వారి అసలు సర్టిఫికెట్లను యాజమాన్యము తన బీరువాలో నుంచుకొనును. నడుమ మానివేయగోరిన వారికి ఆ కాగితములే సంకెళ్ళు.

ఈ నిస్సహాయతను కనిపెట్టి దళారి ప్రవేశించును. “ఇన్ని లక్షలు కట్టుడు, వెనుక ద్వారమున ఉద్యోగము” అనును. కొందరు ఈ దేశముననే మోసపోవుచున్నారు. మరికొందరు దేశము దాటి మోసపోవుచున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన యువకులను కంబోడియాకు చేర్చి, అచ్చట వారిచేత బలవంతముగా ఇంటర్నెట్టు మోసములు చేయించిన ముఠాను 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టిరి. దీనిలోని ఘోరమును గమనింపుడు. పని వెదకుకొనుచు పోయినవాని సొమ్మును, స్వేచ్ఛను హరించుటయే గాక వానిని దొంగగా కూడ మార్చిరి. ఆకలిగొన్న వానికి అన్నమని విషము పెట్టుటకంటె ఇది తక్కువ పాపమా?

ఇప్పుడు వెనుక ద్వారమును గూర్చిన ధర్మసందేహమును విచారింతము. ఒక తండ్రి నన్నిట్లడిగెను: “అందరును ఇచ్చుచున్నారు. నే నియ్యకున్న నా బిడ్డ బ్రదుకు బుగ్గియగును. బిడ్డకై భూమి అమ్మి లంచ మిచ్చుట పాపమా?” ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అడుగువాడు లోభి కాడు, భయపడినవాడు. అయినను లంచము చేయు పనిని నిదానించి చూచిన సంగతి తేటపడును. లంచము ఉద్యోగమును సృజింపదు. ఒకనికి చెందవలసిన దానిని వేరొకనికి చేర్చును. ఆ మొదటివానికిని తండ్రి కలడు. ఆ తండ్రికి అమ్ముటకు భూమి లేదు. అతడు పోగొట్టుకొన్న దేమియో అతనికి తెలియను కూడ తెలియదు. ఇక లంచమిచ్చి కుదిరినవాడు ఆ సొమ్మును ఎచ్చటనుండి రాబట్టును? తన బల్లయొద్దకు పనిమీద వచ్చు రైతునుండియే గదా! ఈ లెక్కన తండ్రి అమ్మిన ఎకరమును ఊరిలోని నూరుమంది రైతులు తిరిగి కొనిపెట్టుచున్నారు. అడిగినవాని పాపము ఇచ్చినవాని పాపముకంటె పెక్కు రెట్లు గొప్పది, సందేహము లేదు. కాని తక్కువ పాపము పుణ్యమగునా?

ఇచ్చట కాయక సిద్ధాంతమును స్మరించుట మన పాఠకులకు సహజము. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో త్రాళ్ళు పేనువాడు, పడవ నడుపువాడు, బట్ట లుతుకువాడు, వెదురుబుట్ట లల్లువాడు ఉండిరని మన మెరుగుదుము. వారి కథలను చెప్పి, “చూచితివా, ఏ పనియైన చేయవచ్చును, నీవేల వేచియుందువు?” అని యువకులను మందలించుట మనకు పరిపాటి. ఈ మందలింపులో సగము సత్యము కలదు. మిగిలిన సగమును మనము మరచుచున్నాము. ఆ త్రాళ్ళు పేనువాడు కల్యాణమున ఎచ్చట కూర్చుండెను? బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున ఉన్నతాధికారి. ఆ అధికారి కూర్చున్న సభలోనే, ఆ అధికారితో సమానముగ త్రాళ్ళు పేనువాడు కూర్చుండెను. అతని మాటను అధికారి వినెను. వినుటయే గాక శిరసావహించెను. కాయకమున రెండు భాగములు కలవు. ఏ పనియు తక్కువ కాదని చేయువాడు తెలిసికొనుట ఒక భాగము. ఆ పని చేసినవానికి పీట వేయుట రెండవ భాగము. మొదటిది పనిచేయువాని ధర్మము. రెండవది సంఘముయొక్క ధర్మము. రెండవదానిని ఎగగొట్టి మొదటిదానిని మాత్రము బోధించువాడు ఋణము తీర్పక వడ్డీ అడుగువానివంటివాడు.

నా పూర్వ విద్యార్థి యొకడు బి.ఎస్సీ. పట్టభద్రుడు. హైదరాబాదున నాలుగేండ్లుగా పరీక్షలకు చదువుచు, సాయంకాలములందు మోటారు సైకిలుమీద ఇండ్లకు భోజనము చేరవేయుచున్నాడు. తన గది అద్దెను, తిండిని తానే గడుపుకొనుచున్నాడు. ఊరికి వచ్చునపుడు ఆ కంపెనీ చొక్కాను సంచి అడుగున దాచివచ్చును. పనికి సిగ్గుపడనేల యని నే నడుగగా అతడిట్లనెను: “పనికి సిగ్గుపడటం లేదండీ మాస్టారూ. చెల్లెలి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు, అన్నయ్య ఏం చేస్తున్నాడని అడుగుతారు గదా!” నా యొద్ద దానికి సమాధానము లేకపోయెను. ఆ బాలుడు చేయుచున్నది కాయకము. ఎవరి రెక్కల కష్టమునకును భారము గాక, చదువును విడువక, నిజాయితీగా బ్రదుకుచున్నాడు. దానిని దాచుకొనవలసిన స్థితిని కల్పించినవార మెవరము? వరుని వెదకునపుడు మొదటి మాటగా “గవర్నమెంటు ఉద్యోగమేనా?” అని అడుగు ప్రతివారమును ఆ చొక్కాను సంచిలో కుక్కినవారమే. గుడిలో కాయకమును కొనియాడి గడపలో ఉద్యోగమును వెదకుట మనకు అలవాటైనది.

ఆయ్దక్కి మారయ్య కథ ఈ సందర్భమున తలపునకు వచ్చును. నేలపై రాలిన బియ్యపు గింజల నేరుకొనివచ్చి, వండించి, జంగములకు పెట్టుట అతని కాయకము. ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. ఈ ఆశ మన కేల, అధికమైనదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెను. ఈ కథను సామాన్యముగా అత్యాశకు విరుద్ధముగా చెప్పుదుము. ఉద్యోగములను వెదకు ఈ దినములలో దానికి వేరొక అర్థము కూడ కనబడుచున్నది. రాశిలో ఇతరుల వంతు కూడ ఉన్నదని లక్కమ్మకు తెలియును. వెనుక ద్వారమున తెచ్చుకొన్న ఉద్యోగము ఇతరుల వంతు. అర్హతకు మించిన సిఫారసుతో తన వారిని కూర్చుండబెట్టు అధికారి తెచ్చినదియు ఇతరుల వంతే. ఆ ఇండ్లలో “తిరిగి పోసి రమ్ము” అని చెప్పగల లక్కమ్మలు కావలెను.

ఒక ఆక్షేపణ వినవచ్చును. “దేశము డబ్బు వెచ్చించి ఇంజనీరును తయారుచేసెను. అతడు దుకాణమున తూకము వేయుచు కూర్చున్న ఆ చదువు వ్యర్థము కాదా? ఏ పనియైన చేయుమనుట ప్రభుత్వము తన బాధ్యతను దులుపుకొనుటకు సాయపడదా?” ఈ ఆక్షేపణ బలమైనది. చిన్న పని అవమానము కాదనుట వేరు. పెద్ద చదువునకు తగిన పని చూపకపోవుట న్యాయమనుట వేరు. మొదటిదానిని ఒప్పుకొన్నవాడు రెండవదానిని ఒప్పుకొననక్కరలేదు. మన రాజ్యాంగము 41వ అధికరణమున, తన ఆర్థిక శక్తికి లోబడి పనిచేయు హక్కును కల్పింపవలెనని రాజ్యమునకు నిర్దేశించినది. అది న్యాయస్థానమున అమలుపరుప వీలైన హక్కు కాకపోవచ్చును. ధర్మస్థానమున తప్పించుకొన వీలైనదియు కాదు. అన్ని ఉద్యోగముల నిచ్చుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. చెప్పిన దినమున పరీక్ష జరుపుట, ప్రశ్నపత్రమును కాపాడుట, ఫలితమును సకాలమున ప్రకటించుట మాత్రము అన్ని ప్రభుత్వములకును సాధ్యమే. దీనికి ధనము కంటె సత్యసంధత అవసరము. ఉద్యోగముల కాలపట్టికను ఆంధ్రప్రదేశమున 2021లోను, తెలంగాణమున 2024లోను ప్రకటించిరి. పట్టికను ప్రకటించుట పంచాంగము వ్రాయుటవంటిది. తిథి ప్రకారము పండుగ జరిగిననే దానికి విలువ.

కావున ఎవరి ధర్మము వారికి కలదు. యువకులారా! వేచియుండుట తప్పు కాదు. గడువు లేక వేచియుండుట తప్పు. ఇన్ని పర్యాయములు ప్రయత్నింతును, ఇన్నేండ్లు చదువుదును అని ముందే నిర్ణయించుకొని, ఆ మాట తలిదండ్రులకు చెప్పుడు. ఆ కాలమున కొద్దిపాటి సంపాదన నైనను చేయుడు. ఒక చేతిపనిని నేర్చుకొనుడు. 1961 నాటి అప్రెంటిసుల చట్టమును 1973లో సవరించినప్పటినుండి ఇంజనీరింగు పట్టభద్రులకు కూడ స్టైపెండుతో శిక్షణ పొందు మార్గము కలదు; అనుభవ మేదియని అడుగువారికి అది ఒక సమాధానము. విదేశములలో ఉద్యోగమనువాడు 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైన ఏజెంటు అవునో కాదో విచారింపక పాస్‌పోర్టును వాని చేతి కియ్యకుడు. ఉద్యోగమునకు ముందే డబ్బు అడుగువాడు యజమాని కాడని గుర్తుంచుకొనుడు.

తలిదండ్రులారా! మీ బిడ్డ తెచ్చు జీతమును లెక్కించుటకు ముందు అతడు దానిని ఏ త్రోవను తెచ్చుచున్నాడో అడుగుడు. చిన్న పని చేయుచున్నాడని పదిమందిలో తల దించుకొనకుడు. యజమానులారా! అనుభవము లేదని త్రోసివేయుటకు ముందు మీకు తొలి అవకాశ మిచ్చినవారిని ఒక్కసారి తలచుకొనుడు. మనలో ఆస్తిపరులు శుభకార్యములకు చేయు వ్యయములో కొంత తగ్గించుకొని, ఊరిలో ఇద్దరు పట్టభద్రులకు ఒక సంవత్సరము జీతముతో పని నేర్పినచో అదియు దాసోహమే యగును. అన్నము పెట్టుట ఒక పూట ఆకలిని తీర్చును. పని చూపుట ప్రతిపూట ఆకలిని తీర్చును.

ఇక మొదట వేసికొన్న ప్రశ్నకు నా సమాధాన మిది. పని దొరకని పట్టభద్రుడు, దొరకనందుకు దోషి కాడు. దొరకిన నిజాయితీ గల పనిని చిన్నతనముగా భావించి, ఇతరుల కష్టముపై గడువు లేక కూర్చున్నచో కొంత దోషి. అన్యాయముగా ఇతరుల వంతును కాజేసినచో పూర్తిగా దోషి. ఇక వాని పనిని బట్టి వానికి పీట వేయవలెనా వలదా యని చూచు మనము, వానికంటె ముందుగా విచారణకు నిలువవలసినవారము. వచ్చు పెండ్లిచూపులలో “అబ్బాయి ఏ ఉద్యోగము?” అని అడుగక, “అబ్బాయి కష్టపడి బ్రదుకునా?” అని అడిగి చూడుడు. ఆ ఒక్క ప్రశ్న మారినను, సంచులలో దాగియున్న చొక్కాలు కొన్నియైనను వెలుగులోనికి వచ్చును.